మోకరించని ప్రార్థన

మా పెద్దమ్మ పోయింది. పొద్దున్నే చాయ్ పెట్టుకుంటుంటే అక్క ఫోన్ చేసి రెండు ముక్కలే చెప్పింది. "అమ్మ పొయింది. జల్ది రా." నేను బస్సులో నార్కట్‌పల్లి చేరేసరికి మా చర్చి సంఘం వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెద్దమ్మ ఫొటో వచ్చేసింది. చుట్టూ పూలు పెట్టి, కింద "ప్రభువునందు నిద్రించారు" అని రాశారు. అంత దుఃఖంలోనూ ఆ మాట చదివి నాకు నవ్వొచ్చింది. మా పెద్దమ్మ నిద్రపోయే మనిషి కాదు. దేవుణ్ణి పడుకోనిచ్చే మనిషి అంతకంటే కాదు.

మా అమ్మానాన్నలు హైదరాబాదులో ఇళ్లు కట్టే పనికి పోతే నేను పెద్దమ్మ దగ్గరే ఉండి చదువుకున్నాను. పెద్దనాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఇంట్లో మేం ముగ్గురమే: పెద్దమ్మ, ఆమె కూతురు అక్క, నేను. పెద్దమ్మ బత్తాయి తోటల్లోకి, పత్తి చేలకు కూలికి పోయేది. మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్లు తాగినవాళ్లకు ముందు పళ్లు గారబడతాయి, తర్వాత ఎముకలు, మా మాటలో బొక్కలు, బిగుసుకుపోతాయి. పెద్దమ్మకు నడుము వంగిపోయింది. మోకాళ్లు సగం మడిచినచోటే ఆగిపోయాయి. పూర్తిగా చాచడానికీ లేదు, నేలకు ఆనించడానికీ లేదు.

అందుకని చర్చిలో అందరూ మోకరించినప్పుడు ఆమె ఒక్కతే కట్టె పట్టుకుని నిలబడేది. కళ్లు కూడా మూసేది కాదు. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, అందరూ కళ్లు మూసుకుంటారు కదా, నువ్వెందుకు మూసుకోవని.

"చేన్ల కండ్లు మూస్తే పాము కనబడుతదా బిడ్డా? నాకు చేన్లనే అలవాటైంది. ఆయన ఏమనుకోడు."

నిజంగానే ఆమె ప్రార్థన ఎక్కువగా చేలోనే జరిగేది. పత్తి తీస్తూ మాట్లాడేది, పొయ్యి ముట్టిస్తూ మాట్లాడేది. ఆటో ఎక్కితే, "తండ్రీ, గీ పిలగాడు పొద్దుగాలటి సంది బండి నడుపుతుండు, జర కన్ను అంటకుండ సూడు" అని పైకే అనేది. ఆటో నడిపే అతను వెనక్కి తిరిగి చూసి నవ్వేవాడు. నా పరీక్షలప్పుడు మార్కులు అడిగేది కాదు. "దీనికి రాని ప్రశ్న సుత వస్తది. గప్పుడు దీనికి ఏడుపు రావొద్దు" అని అడిగేది. ఆ ప్రార్థన విని నేను అలిగాను. రాని ప్రశ్నే రాకూడదని అడగొచ్చు కదా అన్నాను. "గట్ల అడిగితే ఆయన నవ్వుతడు" అంది.

ఇంటర్ చదివే రోజుల్లో నాకు ఈ ప్రార్థనల మీదే కోపం వచ్చింది. రాత్రంతా మూలిగిన మనిషి తెల్లారి లేచి స్తోత్రం చెప్పడం చూడలేకపోయాను. "ఇన్నేండ్ల సంది అడుక్కుంటున్నవ్. ఏమిచ్చిండు నీకు?" అనేశాను.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"అడుక్కునుడు వేరు, అడుగుడు వేరు బిడ్డా. అడుక్కునేటోడు వాకిట్ల నిలబడ్తడు. నేను ఇంటిదాన్ని. ఇంట్లకు పోయి అడుగుత. ఇయ్యకపోతే ఎందుకియ్యలేదని సుత అడుగుత."

"నొప్పి పోలే గదా?"

"నొప్పి పోతదని నాకు ఎవ్వలు మాటియ్యలే. నొప్పిల నువ్వొక్కదానివే లేవని చెప్పిన్రు. గది నిజమే. నాకెరుకే."

తెలంగాణ వచ్చిన కొత్తల్లో, ఒక ఎండాకాలం, మండల కేంద్రంలో స్వస్థత కూటాలు పెట్టారు. పట్నం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. మైదానంలో షామియానాలు, ఆకాశాన్నంటే మైకులు. మా సంఘం వాళ్లందరం ఆటోల్లో పోయాం. పెద్దమ్మకు వెళ్లాలని లేదు. వాడకట్టు ఆడవాళ్లు బలవంతం చేస్తే వచ్చింది. పొద్దుగూకుతుండగా ఆ బోధకుడు జబ్బు ఉన్నవాళ్లను వేదిక మీదికి పిలిచాడు. మావాళ్లే పెద్దమ్మను ముందుకు నెట్టారు. అక్కా నేనూ చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించాం.

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి పెద్దగా ప్రార్థించాడు. చేతిలోని కట్టె తీసుకుని వెనక ఉన్న మనిషికి ఇచ్చాడు. "నడువు తల్లీ! విశ్వాసంతో నడువు!" అన్నాడు. పెద్దమ్మ తూలుతూ కొంచెం దూరం నడిచింది. ఇంట్లో కూడా కట్టె లేకుండా ఆ మాత్రం నడుస్తుంది. కింద జనం చప్పట్లు కొట్టారు. హల్లెలూయ అంటూ అరిచారు. ఆయన మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"నొప్పి పోయిందా తల్లీ? అందరికీ వినపడేట్టు చెప్పు."

"పోలే అయ్యా."

చప్పట్లు ఆగిపోయాయి. ఆయన నవ్వు మాత్రం చెదరలేదు. "విశ్వాసంతో చెప్పు తల్లీ. పోయింది అని నోటితో ఒప్పుకో. అప్పుడు పోతుంది."

"విశ్వాసంతోనే చెప్తున్న. పోలే. దేవుడు ఇక్కడ ఉన్నడంటున్రు గదా, ఆయన ముంగట అబద్ధం ఎట్ల చెప్త? నా కట్టె నాకియ్యున్రి."

ఎవరో మైకు లాక్కున్నారు. పాట మొదలైంది. మమ్మల్ని పక్కనుంచి దింపేశారు. కట్టె కోసం అక్క మళ్లీ పైకి వెళ్లి గొడవపడి తెచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒకామె అంది, "మా అందరి ఇజ్జత్ తీసినవ్ వదినా. అవునంటే నీ సొమ్మేం పోయింది?"

పెద్దమ్మ బయటికి చూస్తూ అంది. "రేపు నీ బిడ్డకు నొప్పి లేస్తే, గా ముసల్దాని కాళ్లు బాగైనయి, నీయి ఎందుకు కాలేదని ఆ పిల్లను అంటరు. నీకు విశ్వాసం లేదంటరు. గా పాపం నాకెందుకు?"

ఆ వారమే మా పాస్టర్‌గారు ఇంటికొచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు. కానీ కూటాలు పెట్టినవాళ్లు ఆయనను గట్టిగా మందలించారు. చాయ్ గ్లాసు తాగకుండానే కింద పెట్టారు.

"అమ్మా, మీరు స్టేజీ మీద అట్ల అనకుండ ఉంటే బాగుండె. కొన్ని దినాలు స్త్రీల కూడిక వేరేవాళ్లు నడిపిస్తరు. మీరు విశ్రాంతి తీసుకోండ్రి."

శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థన కూడిక పెద్దమ్మే నడిపేది. ఆమెకు ఉన్న గౌరవం అదొక్కటే. నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

"సరే అయ్యగారూ. కూడిక మీది, ఎవ్వలకన్న ఇయ్యున్రి. ప్రార్థన మీది గాదు. అది నేను ఆప."

ఆదివారం యథాప్రకారం చర్చికి పోయింది. ముందు వరసలోనే, అందరూ మోకరించినప్పుడు తను నిలబడే ఉంది. కొందరు పలకరించలేదు. ఇంటికొచ్చాక గుడ్లనీళ్లు కుక్కుకుంటూ పొయ్యి ఊదింది. "తండ్రీ, నువ్వు సూసినవ్ గదా. నాకు మస్తు కోపమొస్తంది. నువ్వే ఏమన్న చెయ్యి, లేకుంటే నేను నోరు జారుత" అంది. ఆమె ఏడవడం నేను చూసింది తక్కువ.

ఆ ఎండల్లోనే ఊరికి మంచినీళ్ల ట్యాంకరు రావడం ఆగిపోయింది. ట్యాంకరు రాకపోతే మళ్లీ బోరు నీళ్లే గతి. పిల్లలు ఆ నీళ్లే తాగుతున్నారు. ట్యాంకరు ఆగే జాగాలో ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు. పెద్దమ్మ కట్టె పట్టుకుని అక్కడికి పోయి వాళ్ల మధ్య నిలబడి ప్రార్థన చేసింది. వాళ్లలో మా సంఘం వాళ్లు కొద్దిమందే. మిగిలినవాళ్లు ముత్యాలమ్మకు మొక్కేవాళ్లు. ఎవరూ కాదనలేదు. ఆమె ఆమెన్ అంటే వాళ్లూ ఏదో ఒకటి అన్నారు. తర్వాత పెద్దమ్మ అంది, "నేను అడిగిన. ఇగ ఇయ్యాల్సినోళ్ల తానికి పోదాం పాండ్రి."

ఖాళీ బిందెలతో ట్రాక్టరెక్కి మండల ఆఫీసుకు పోయాం. నేనూ పోయాను. ఆఫీసరు గదిలో ఉన్నా బయటికి రాలేదు. మీటింగులో ఉన్నాడని, రేపు రమ్మని బంట్రోతు చెప్పాడు. పెద్దమ్మ గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడి, మామూలుగా మాట్లాడే గొంతుతోనే మొదలుపెట్టింది.

"తండ్రీ, లోపల ఉన్న సారుకు మంచి ఆరోగ్యమియ్యి. ఆయన పిల్లల బొక్కలు సక్కగుండాలె. ఆళ్ల పండ్లు తెల్లగుండాలె. ఆళ్లు ఉరుకాలె, దుంకాలె. మా పిల్లలు సుత గట్లనే ఉరుకాలె తండ్రీ. గందుకు ట్యాంకర్ రావాలె. ఎప్పుడో కాదు, రేపే రావాలె."

ఒక గుమాస్తా లేచి వచ్చాడు. "ఇది ఆఫీసమ్మా. చర్చి గాదు. ప్రార్థనలు ఇక్కడ చెయ్యొద్దు."

"మీరు ఇంటలేరు సారూ. గందుకే ఇనేటాయనతోని మాట్లాడుతున్న. జర మీరు సుత ఇనున్రి."

వెనక ఉన్న ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. ఒకామె బిందె మీద దరువేసింది. తర్వాత అందరూ వేశారు. ఆ చప్పుడుకు గది తలుపు తెరుచుకుంది. ఆఫీసరు బయటికి వచ్చి పెద్దమ్మను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. ఆమె కాళ్ల దగ్గర చూపు ఆగింది. కుర్చీ తెప్పించాడు. ఆమె కూర్చోలేదు. "ట్యాంకర్ పంపుతనని చెప్పున్రి, మేమే పోతం" అంది. ఆయన అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. మళ్లీ ఆగితే మళ్లీ పోయారు. కొన్నేళ్లకు ఇంటింటికీ నల్లా వచ్చింది. నల్లాలో మొదటి నీళ్లు పడిన రోజు పెద్దమ్మ గ్లాసు నింపుకుని ఎండకు ఎత్తి చూసింది. ఒక గుక్క తాగింది. కృతజ్ఞతా స్తోత్రం చెబుతుందని చూస్తున్నాం.

"మంచిగున్నయి నీళ్లు. నీకు వందనాలు. గని మస్తు ఆలిశం జేసినవ్ నాయినా. నా కాళ్లు పొయినంక ఇచ్చినవ్. నేను యాది మరువ, మల్ల కలిసినప్పుడు అడుగుత."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం అంత నిజమైన ప్రార్థన ఎక్కడా విన్నట్టు గుర్తులేదు. భయంతో చేసేది కాదది. ఎవరినైనా సొంతం అనుకుంటేనే అలా నిలదీస్తాం.

పాస్టర్‌గారు వచ్చి ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు, మీ ప్రార్థన వల్లే నీళ్లు వచ్చాయని. "బిందెలు వాయించినోళ్లందర్ని పిలువున్రి, అప్పుడు చెప్త" అంది. ఆయన తల వంచుకుని, "శుక్రవారం కూడిక మళ్లీ మీరే నడిపించున్రి అమ్మా" అన్నారు. "వస్త. కని నిలబడే చేస్త" అంది. ఆ తర్వాత చర్చిలో మోకరించమన్నప్పుడు మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లు మరికొందరు కూడా సిగ్గుపడకుండా నిలబడటం మొదలుపెట్టారు.

చివరి రోజుల్లో నల్గొండ దవాఖానాలో ఉంది. ఊపిరి అందేది కాదు. చూడటానికి వచ్చిన ఒకామె మంచం పక్కన కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ దాసురాలిని నీ దగ్గరికి తీసుకో" అని ప్రార్థిస్తుంటే పెద్దమ్మ కళ్లు తెరిచింది. "గట్ల అడుగకు. పక్క మంచం పిల్ల గురించి ఇంకా అడిగేది ఉంది" అంది. ఆ పిల్ల ఎవరో మాకు తెలియదు. కాన్పు కష్టమైన పిల్ల. రోజూ ఆ పిల్ల పేరు అడిగి తెలుసుకుని, మళ్లీ మరిచిపోయి, మళ్లీ అడిగేది. ఆ పిల్ల బిడ్డనెత్తుకుని ఇంటికి పోయింది. ఆ తర్వాతే పెద్దమ్మ పోయింది.

నేను ఊరు చేరేసరికి వాకిట్లో జనం. పెట్టె తెచ్చారు కానీ పెద్దమ్మ అందులో పట్టడం లేదు. బతికినన్నాళ్లూ చాచని కాళ్లు ఇప్పుడూ చాచలేదు. పెద్దమనుషులిద్దరు మోకాళ్లు నొక్కి సాపు చేద్దామన్నారు. ఒకతను చేతులు ముందుకు చాపాడు. అక్క మధ్యలోకి వచ్చింది.

"మా అమ్మ కాళ్లను ముట్టకున్రి. పెట్టె పట్టకపోతే పెట్టెను మార్చున్రి."

"పెట్టె మారిస్తే బొంద సుత సరిపోదు బిడ్డా. మల్ల తవ్వాలె. ఎండ చూడు ఎట్లున్నదో."

అక్క కదల్లేదు. అప్పుడు పాస్టర్‌గారు తెల్లచొక్కా చేతులు మడిచి, పార భుజాన వేసుకుని సమాధుల జాగా వైపు నడిచారు. ఆయన వెనక మగవాళ్లు ఒక్కొక్కరే కదిలారు. వడ్లాయన వాకిట్లోనే కూర్చుని పెట్టెకు వెడల్పు చెక్కలు బిగించాడు.

పెద్దమ్మను పక్కకు ఒరిగించి, ఆమె ఎలా ఉందో అలాగే పడుకోబెట్టాం. మట్టి వేసి అందరూ వెళ్లిపోయాక అక్కా నేనూ కాసేపు నిలబడ్డాం. ఆ జాగాలో మట్టిదిబ్బలన్నీ సన్నగా, పొడవుగా, ఒకే కొలతలో బారు తీరి ఉన్నాయి. మా పెద్దమ్మది ఒక్కటే వెడల్పుగా, బారులోంచి బయటికి వచ్చి, దారికి అడ్డంగా ఉంది. పొద్దుగూకే వేళ ఆ దారిన వచ్చిన మేకలు అక్కడిదాకా వచ్చి ఆగి, దిబ్బ చుట్టూ తిరిగి పోతున్నాయి.