కోదాడవ్వ అసలు పేరు

మా చిన్నప్పుడు ఆత్మకూరు ఇంట్లో కోడళ్లను పేరు పెట్టి పిలిచేవారు కాదు... పుట్టింటి ఊరు పెట్టి పిలిచేవారు.

ఎండాకాలం మధ్యాహ్నాలు అందరూ అర్రలో కూర్చుని చింతపండు గింజలు తీసేవారు. నాయనమ్మ కేకేసేది... "ఓ మిర్యాలగూడెమా, ఆ చాట గిటియ్యి!" మిర్యాలగూడెం అంటే మా అమ్మ. చివ్వెంల అంటే చిన్నమ్మ.

నేను పుట్టకముందే పోయిన మా ముత్తవ్వ, అంటే నాయనమ్మకు అత్త... అందరికీ కోదాడవ్వ.

"కోదాడవ్వ పేరేందే నాయినమ్మా?" అని ఒకసారి అడిగాను.

"అత్త పేరు నోటితోని తీస్తరారా? మూసుకొని గింజలు తియ్!"

అందరూ నవ్వారు. మాట అక్కడితో ఆగింది...

పోయిన నెల నా భార్య సుగుణ సంవత్సరీకం. కొడుకులు లేరు, నేనే కూర్చోవాలి. పోయిన ఇల్లాలిని అత్త, ఆమె అత్త, ఆ పై అత్త... ఈ ముగ్గురితో పిండాలు పెట్టి పేరు పేరునా కలుపుతారు. అయ్యగారు ముందుగానే ముగ్గురి పేర్లూ అడిగారు. రెండే చెప్పగలిగాను... మూడోది కోదాడవ్వది.

మగవాళ్లవి ఏడు తరాలు గడగడా చెప్తాను. ఏం లాభం?

సూర్యాపేటలో ఉన్న మా చిన్నాయనకు ఫోన్ చేశాను.

"కోదాడవ్వ పేరా? కోదాడవ్వే గదరా! ఇంకేం పేరుంటది?"

కోదాడ వెళ్లాను. ముత్తవ్వ పుట్టింటివాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆ ఇంటి పెద్దాయనను ఆమె పేరు అడిగాను.

"ఆవిడా... మీ ఊరే ఇచ్చారు కదండీ. ఇక్కడ అందరూ ఆత్మకూరావిడ అనేవాళ్లండీ!"

పుట్టిన ఊళ్లో మెట్టినూరి పేరు... మెట్టిన ఊళ్లో పుట్టినూరి పేరు. బస్సులో తిరిగి వస్తుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

"తెల్వకుంటే లక్ష్మమ్మ అనుకోండి, తప్పు లేదు" అన్నారు అయ్యగారు.

అనుకున్నాను. మంత్రంలోనూ అన్నాను. శాస్త్రం ఒప్పుకుంది...

సుగుణను ఎవరితో కలిపానో నాకు తెలియదు.

ఇప్పటి ఇళ్లలో కోడళ్లను పేరుతోనే పిలుస్తున్నారు. మంచిదే... మా ఇంటికి ఆలస్యంగా వచ్చింది.

మీ ముత్తవ్వ పేరు మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి. ఊరి పేరు కాదు... ఆమె పేరు.