మణికట్టుకు అందని కబురు

మా బాపు ముప్పై ఏళ్లకు పైగా సూరత్‌లో సాంచాలు నడిపాడు. సాంచాలంటే మరమగ్గాలు. నేను ఆ ఊరి నవాగామ్ బస్తీలో పుట్టి, ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బళ్లో గుజరాతీ మాట్లాడుతూ పెరిగాను. ఇంజనీరింగ్ అయ్యాక సూరత్‌లోనే ఒక కాలేజీ పరిశోధనశాలలో చేరాను. శబ్దాన్ని స్పర్శగా మార్చే పరికరాల మీద అక్కడ మా మేడమ్ పరిశోధన.

నేను చేరిన ఏడాదే ఒక పట్టీ తయారు చేయడం మొదలుపెట్టాం. గడియారంలా మణికట్టుకు కట్టుకోవాలి. పడుగు పోగు తెగినా, వెనక నుంచి ఎవరైనా కేకేసినా, ప్రమాద గంట మోగినా అందులోని మైకు పసిగడుతుంది. ఒక్కోదానికి ఒక్కో తీరుగా చర్మం మీద అదురుతుంది. సాంచాల రొదలో పనిచేసేవాళ్ల కోసం చేద్దామన్న ఆలోచన నాదే. చిన్నప్పుడు బాపుకు అన్నం డబ్బా తీసుకెళ్లి కార్ఖానా తలుపు దగ్గర నిలబడి ఎంత పిలిచినా పలికేవాడు కాదు. దగ్గరికెళ్లి చొక్కా పట్టి లాగాల్సి వచ్చేది. రొద వల్లేననుకునేదాన్ని.

పరీక్షలకు మనుషులు కావలసి వచ్చినప్పుడు మొదట బాపునే అడిగాను.

"ఆడ నన్నేం జేస్తరు?" అన్నాడు.

"ఏం జెయ్యరు బాపు. చేతికి పట్టీ కడతం. అదిరిందా లేదా చెప్పాలె, అంతే."

సెలవు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన కార్ఖానాలోనే పనిచేసే ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒప్పందం కాగితాన్ని ముగ్గురికీ తెలుగులో చదివి వినిపించాను. మీ వివరాలు బయట ఎవరికీ చెప్పం అని అందులో ఉంది. సంతకాలు పెట్టారు.

పట్టీ కంటే ముందు వినికిడి పరీక్ష చేయాలి. అద్దం గోడ ఉన్న చిన్న గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. అద్దానికి ఇవతల నేను మీట నొక్కితే శబ్దం వస్తుంది. అది వినబడినప్పుడల్లా చెయ్యెత్తాలి. బాపు ఒక్కసారి కూడా తప్పలేదు. ఇన్నేళ్లు సాంచాల మధ్య ఉన్న మనిషికి ఇంత మంచి వినికిడా అని మేడమ్ ఆశ్చర్యపోయారు. నాకు గర్వంగా అనిపించింది. అప్పుడు చూశాను, బాపు కళ్లు నా వేళ్ల మీదున్నాయి. నేను మీట నొక్కగానే చెయ్యెత్తుతున్నాడు.

ఒక ఫైలు అడ్డం పెట్టుకుని నొక్కాను. చెయ్యి లేవలేదు. శబ్దం పెంచాను. లేవలేదు. ఇంకా పెంచాను. బాపు నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. కాసేపయ్యాక, నేనేమీ నొక్కకుండానే, మెల్లగా చెయ్యెత్తాడు.

నేను తల దించుకుని, వినబడలేదని కాగితంలో రాసుకున్నాను.

బయట టీ బండి దగ్గర ఆయనకు ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా అడిగాను. "ఎప్పటిసంది వినపడుతలేదు బాపు?"

గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు. "సాంచకు చెవులతోటి ఏం పని బిడ్డా. కాళ్ల కింద బండ అదురుతది. పోగు తెగితే ఆ అదురు మారుతది. నాకు ఎర్కైతది." ఆ తర్వాత గొంతు తగ్గించాననుకుని, దగ్గరున్న అందరికీ వినబడేలా అన్నాడు. "శేఠ్‌కు తెలిస్తే తీసేస్తడు. ఎవలకు జెప్పకు."

చెప్పనన్నాను.

పట్టీ అదురు కూడా ఆయన మణికట్టుకు అందలేదు. ఎంత బలంగా అదిరించినా తెలియలేదు. ఏళ్ల తరబడి సాంచా మీద ఆనించిన చేతులు మొద్దుబారాయి. మిగిలిన ఇద్దరికీ కొంచెమే తెలుస్తోంది. చివరికి పట్టీ విప్పి బాపు మెడ కింద, కాలరు ఎముక మీద పెట్టి చూశాను.

"ఆఁ, గిప్పుడు తెలుస్తుంది" అని నవ్వాడు. కేక ఏదో, పోగు తెగడం ఏదో, గంట ఏదో పొరపాటు లేకుండా చెప్పాడు. మా పనిలో అంతవరకు దొరికిన మంచి ఫలితం అదేనని మేడమ్ అన్నారు.

పరీక్షలకు అనుమతిచ్చిన బాపు యజమాని శేఠ్ తన కార్ఖానాలోనే పట్టీ పనితీరు చూపించమన్నాడు. ఎవరికి పెడదాం అని మేడమ్ అడిగితే, మా బాపుకు అన్నాను. ఇచ్చిన మాట మరిచిపోయి కాదు. పట్టీ ఉన్నంతసేపు ఆయన విన్నాడో లేదో ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. అంతమందిలో బాపు నిలబడి నా పని చూపించాలన్న ఆశ కూడా ఉంది.

"నీకు పనికొస్తదా?" అని అడిగాడు బాపు.

"వస్తది."

"అయితే సరె."

ఆ రోజు అంతా బాగానే జరిగింది. మాకు వీపు తిప్పి నిలబడి, నేను ఇచ్చిన ప్రతి సంకేతానికీ సరిగ్గా చెయ్యెత్తాడు. జనం చప్పట్లు కొట్టారు. శేఠ్‌కు ఒక అనుమానం వచ్చింది. ఇది పట్టీ గొప్పా, చెవుల గొప్పా చూద్దామన్నాడు. పట్టీ తీయించి, ఆ వరస సాంచాలు ఆపించి, వెనక నిలబడి ఇనుప రేకు మీద పానాతో కొట్టాడు. అందరూ ఉలిక్కిపడి తిరిగారు. బాపు తిరగలేదు. ఇంకోసారి కొట్టాడు. బాపు ఎదురుగా ఉన్న పడుగునే చూస్తూ నిలబడ్డాడు.

"ఇసే బిల్‌కుల్ సునాయీ నహీఁ దేతా క్యా?" అని శేఠ్ నన్నడిగాడు. అసలేమీ వినబడదా అని. నేను తల దించి, విప్పిన పట్టీని సంచిలో పెట్టసాగాను. ఆయనకు ఆ జవాబు చాలు.

మూడో రోజు బాపును సాంచాల నుంచి తీసేసి బట్ట మడతపెట్టే పనిలో వేశారు. నేను వెళ్లి శేఠ్‌ను బతిమాలాను. వినబడని మనిషి చెయ్యి సాంచాలో పడితే ఎవరిది పూచీ అన్నాడు. మంచిగానే అన్నాడు. వినికిడి పోయినవాళ్లకు సాంచాల దగ్గర ప్రమాదమని మా పరిశోధన కాగితాల్లో రాసింది నేనే.

అమ్మ ఒక్క మాటే అంది. "నిన్ను గింత సదివిపిచ్చింది గిందుకేనా?" బాపు నావైపు చూడడం మానేశాడు. చూడకపోతే ఆయనకు నా మాట అందదు.

నెల తిరక్కుండా మడతల పని మానేశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఊరి బయట కామ్‌రేజ్ వైపు ఇంకో కార్ఖానాలో సాంచాల మీద చేరాడు. మొదటి రోజు పొద్దున గుమ్మం దగ్గర ఎదురెళ్లి పట్టీ ఇచ్చాను. "అంగీ కింద పెట్టుకో బాపు, కనపడదు."

చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "కనపడితే అడుగుతరు. అడిగితే చెప్పాలె." పట్టీని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మా పరిశోధన వ్యాసంలోంచి ఆయన ఫలితాలు తీసేయమని మేడమ్‌ను అడిగాను. అది బాపు ఇష్టమన్నారు. ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుని అడిగాను.

"నా పేరు ఉండదు గదా?"

"ఉండదు."

"అయితే ఉండనీ" అన్నాడు.

పోయిన వారం మేడమ్ తర్వాతి పరీక్షలకు అనుమతిచ్చిన కార్ఖానాల జాబితా ఇచ్చారు. అందులో బాపు ఇప్పుడు పనిచేసే కార్ఖానా ఉంది. అక్కడైనా మొదట చేసేది వినికిడి పరీక్షే. అక్కడ ఆయనలాంటివాళ్లు ఇంకెందరున్నారో నాకు తెలియదు. పట్టీ వాళ్లకు పనికొస్తుందనే ఇప్పటికీ నమ్ముతున్నాను. పెన్ను తీసుకుని ఆ కార్ఖానా పేరు కొట్టేశాను. మేడమ్ కారణం అడగలేదు. అడుగుతారేమోనని సాయంత్రం దాకా ఆవిడ గది వైపు వెళ్లలేదు.