నడిస్తే తెగిపోయే మాట

ఆఫీసులో ఆవిడని ముఖం మీద మేడమ్ అనేవాళ్లు, వెనకాల కాలుగాలిన పిల్లి అనేవాళ్లు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఇళ్లకి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలో, కొనబోయే వైఫై పెట్టెలు పరీక్షించడం ఆవిడ పని. ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగి సిగ్నల్ కొలవాలి. కాలు నిలిస్తే పని సాగదు.

ఆ ఏడు రెండు కంపెనీల మెష్ పెట్టెలు వచ్చాయి, ఒకరివి నల్లవి, ఇంకొకరివి తెల్లవి. ఇంట్లో మూడు చోట్ల పెడితే, ఒకదాన్నుంచి ఒకటి సిగ్నల్ అందుకుని ఇల్లంతా పంచుతాయి. ఆఫీసు వెనక ఖాళీ ఫ్లాటులో తొమ్మిది రోజులు కొలిచింది. నల్లవాటి స్పీడు తెల్లవాటికి రెట్టింపు. గురువారం నల్లవే కొనమని రాసి సంతకం పెట్టింది. సోమవారం ఆర్డరు.

సంతకం పెట్టిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఏదో వదిలేశానన్న గుబులు. శుక్రవారం మెట్లు దిగుతుంటే తట్టింది: గదిగదికీ తను నడిచింది కానీ, కొలిచేటప్పుడు మాత్రం ప్రతి గదిలోనూ ఫోను ఒకచోట కదలకుండా పెట్టింది.

శనివారం పొద్దున్నే రెండు రకాల పెట్టెలూ సంచిలో వేసుకుని అక్క ఇంటికెళ్లింది. అక్క ఫోనులో వీడియో కాల్ చేసి పిల్లలకి లెక్కలు చెబుతుంది, అదీ వంటింటికీ ముందు గదికీ తిరుగుతూ.

"ముందు కాస్త కూర్చోవే," అంది అక్క.

"కూర్చోడానికి రాలేదక్కా. నువ్వు రోజూలాగే క్లాసు చెప్పు."

నల్లవి పెట్టారు. అక్క వంటింటి గడప దాటగానే తెర బిగుసుకుపోయింది. పదిసార్లు తిరిగితే ఆరుసార్లు అంతే. ఫోను ముందు గది పెట్టెనే పట్టుకు వేలాడుతోంది, పక్కనున్నదాన్ని అందుకోవడం లేదు. తెల్లవి పెడితే మాట ఒక్కసారే తెగింది.

సోమవారం మేనేజరు కుర్చీలో సరిగా కూర్చోకముందే ఎదురుగా నిలబడింది.

"సార్, నా రిపోర్టు వెనక్కి ఇచ్చెయ్యండి."

"సంతకం మీదేగా?"

"నాదే. తప్పూ నాదే. ఫోను కదలకుండా కొలిచాను. మా అక్క ఇంట్లో నల్లవి పెట్టి నడుస్తూ మాట్లాడితే మాట తెగిపోతోంది."

"ఒక్క ఇల్లు చూసి ఇంత హడావిడా? మీ అక్కగారి ఫోనే పాతదేమో."

ఆ ముక్క తనకి తట్టలేదు. "అయితే మన స్టాఫు ఇళ్లలోనే చూద్దాం. ఒక్క వారం ఇవ్వండి," అంది.

ఆయన అయిష్టంగానే ఇచ్చాడు. ఆ వారం ఆవిడ పన్నెండిళ్లు తిరిగింది. తిండి ఎక్కడ తిందో, చెప్పులు ఎవరింట్లో మార్చుకొచ్చిందో తనకే తెలీదు. నల్లవి ఏడిళ్లలో మాట తెంపాయి, తెల్లవి ఒక్క ఇంట్లోనే. నల్లవి బాగా పనిచేసిన అయిదిళ్లలో మేనేజరుది ఒకటి. ఆయన ఇంట్లో సోఫా దిగడు మరి.

తెల్లవే కొన్నారు. ఇకపై ప్రతి పరీక్షా మనుషులు మసిలే ఇంట్లో, నడుస్తూ మాట్లాడి చెయ్యాలని ఆవిడ చేతే రాయించారు. మొదటి నెల స్పీడు చాలట్లేదని చాలామంది ఫోన్లు చేశారు. మాట తెగుతోందన్నవాళ్లు ముగ్గురే. "ముగ్గురేగా, ఊరుకోండి," అన్నాడు మేనేజరు. అప్పటికే ఆవిడ ముగ్గురి చిరునామాలూ రాసుకుని మెట్లు దిగుతోంది.