నా హీరో కొట్టిన చెంపదెబ్బ

మా అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఫోన్‌లో కథలు వింటుంది. పద్మారావు నగర్‌లో మా ఇల్లు చిన్నది కాబట్టి ఆమె వినేవన్నీ నేనూ వినాల్సిందే. ఆ రోజు వంటింట్లో ఉన్నాను. హాల్లో ఏదో మిషన్ గొంతు ఊపిరి తీసుకోకుండా చదువుకుంటూ పోతోంది. "కాప్రా చెరువు గట్టు మీద వీచిన గాలికి ముందు ఆమె చున్నీ జారింది, తర్వాత మాట జారింది."

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాక్యం నాది.

నేను కలం పేరుతో ప్రేమ నవలలు రాస్తాను. నాకు పబ్లిషరంటూ ఎవరూ లేరు. రాసేది, దిద్దేది, అట్ట వేయించేది, ఆన్‌లైన్‌లో పెట్టేది అన్నీ నేనే. అట్ట వేసే అబ్బాయికి కథ ఎంత చెప్పినా, చొక్కా లేని తెల్లవాడి బొమ్మ ఒకటి పంపుతాడు. చుట్టాల్లో ఒకాయన పెళ్లిళ్లలో కనిపిస్తే కన్నుగీటి, "అన్నీ అనుభవమేనా?" అంటాడు. ఇలాంటి రోతకు అలవాటు పడ్డాను. అత్తమ్మకు మాత్రం నేను 'ఏదో రాస్తుంది' అనే తెలుసు.

ఆ చెరువు గట్టు సీను కోసం చాలా కష్టపడ్డాను. మా హీరో పళ్ల సెట్లు తయారుచేసే మామూలు మనిషి. పెళ్లి చేసుకుందామని హీరోయిన్‌ను అడుగుతాడు. ఆలోచించుకోవాలంటుంది ఆమె. సరేనని చెప్పి, ఉడకబెట్టిన మొక్కజొన్న కొనిచ్చి, బస్సు ఎక్కించి వెళ్తాడు. అంతే. ఎదురుచూడ్డం తెలిసిన మగవాణ్ణి రాయాలని నా కోరిక.

ఫోన్‌లో హీరోయిన్ "ఆలోచించుకోవాలి" అంది. వెంటనే ఛెళ్లుమని చప్పుడు. మిషన్ గొంతు చదివింది: "అతని ఉంగరం ఆమె చెంపకు ముందు చల్లగా తగిలింది. మంట ఆ తర్వాత వచ్చింది. ఆ మంటలో అతని ప్రేమ ఎంతో ఆమెకు తెలిసింది."

"మంచిగ కొట్టిండు," అంది అత్తమ్మ చిక్కుడుకాయ విరుస్తూ. "లేకుంటె ఇంక నెత్తికెక్కుతుండె."

స్టవ్ ఆపేసి, ఆమె పక్కన కూర్చుని కింద కామెంట్లు చదివాను. ఇంకా గట్టిగా కొట్టాల్సిందని రాసినవాళ్లున్నారు. అలాంటి మొగుడు కావాలని గుండె బొమ్మలు పెట్టిన ఆడపిల్లలున్నారు. నా పుస్తకానికి వచ్చిన ఉత్తరాలన్నీ కలిపినా వాటిలో ఒక మూలకు రావు.

ఫిర్యాదు పెట్టాను. వీడియో పోయింది, ఇంకో ఛానెల్‌లో ఇంకో పేరుతో మళ్లీ వచ్చింది. ఛానెల్ కింద ఉన్న నంబర్‌కు ఫోన్ చేస్తే, ఎత్తినవాడు దాపరికం లేకుండా అడ్రస్ చెప్పాడు. మెట్టుగూడలో ఒక జిరాక్స్ షాపు పైన గది. వెళ్లాను.

కిటికీ లేని గది. రెండు కంప్యూటర్లు, తినేసిన సమోసాల కాగితాలు, దోమల బత్తి వాసన. ముప్పై ఏళ్లవాడు లేచి కుర్చీ తుడిచి మరీ వేశాడు.

"మీరేనా అక్కా రాసింది? మస్తు రాసిండ్రు! గానీ మీ హీరో జెర డల్లుండె. గా దెబ్బ పెట్టినంక సూడుండ్రి, వ్యూస్ ఎట్ల లేసినయో."

"అది నా కథ. నన్ను అడక్కుండా ఎట్ల పెడ్తవు?"

"కథ మీదే అక్కా, ఎవరు కాదన్నరు? వాయిస్ మాది." నవ్వాడు. "పరేషాన్ గాకుండ్రి. మాకే రాయండి. దినం ఒక ఎపిసోడ్. ప్రతి దాంట్ల హీరో జెర జబర్దస్తీ చెయ్యాలె, గంతే."

సిగ్గు లేకపోవడం కాదు, సిగ్గుపడాల్సింది ఒకటుందనే వాడికి తెలియదు. వాడు ఇచ్చిన కుర్చీలో కూర్చోవడం కూడా నాకు అసహ్యమనిపించి లేచి నిలబడ్డాను.

అప్పుడే వాడి భార్య లోపలి గదిలోంచి చాయ్ తెచ్చింది. నా పుస్తకం చూసి టైపు చేసింది ఆమేనట.

"మొత్తం చదివిన అక్కా. గా చెరువు కాడ సీను సుత నాకు మస్తు నచ్చింది," అని, గొంతు తగ్గించి, "గా దెబ్బ నేనే రాసిన. ఎట్లుంది?" అంది. మంచి మాట కోసం నా మొహంలోకి చూస్తోంది.

ఉంగరం ముందు చల్లగా తగలడం ఊహించి రాసే మాట కాదు. కుర్చీలో కాళ్లు ఊపుతున్న ఆమె భర్త చేతి వైపు చూశాను. ఎర్రరాయి ఉంగరం.

"ఆ ఉంగరం మాట నిజం," అన్నాను ఆమెతో. "ప్రేమ తెలిసిందన్నవు చూడు, అది అబద్ధం."

ఆమె చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టకుండానే బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. అతను ఏమీ పట్టనట్టు, "ఆలోచించుండ్రి అక్కా," అన్నాడు. వీడియో తీయకపోతే పోలీసు స్టేషన్‌కు వెళ్తానన్నాను. నా ముందే ఒకటి తీసేశాడు. మరో పేరుతో ఇంకోటి ఇప్పటికీ ఉంది.

ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా చెప్పాను. ఆ కథ నాదే అంటే ముందు నమ్మలేదు. పుస్తకం తెచ్చి అసలు సీను చదివి వినిపించాను. చివరిదాకా విని, "మక్కబుట్ట కొనిచ్చి బస్సెక్కిచ్చిండా? కొట్టలేదా?" అంది.

"కొట్టలే, అత్తమ్మా."

"గట్లాంటోడు ఏడుంటడే, పిచ్చిదానా!"

కోపంగా అనలేదు. నా మీద జాలిపడుతున్నట్టు అంది. మా మామయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి ఆమె ఎప్పుడూ ఎక్కువగా మాట్లాడదు, నేనూ అడగలేదు. ఆ రోజూ అడగలేకపోయాను.

మర్నాటి నుంచి ఆమె చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటోంది. నాకు చప్పుడు వినిపించదు. ఒక్కోసారి ఆమె తల ఆడిస్తుంది, సరిగ్గా జరిగిందన్నట్టు. అప్పుడు నేను లేచి గది తలుపు వేసుకుంటాను. కొత్త నవలలో నా హీరో, హీరోయిన్ జడలో చిక్కుకున్న ఆకు తీయాలి. చెయ్యి ఎత్తాడని రాసి కొట్టేస్తున్నాను. మళ్లీ రాస్తున్నాను.