షాంకు అన్న మాట

తను పనిచేసే బూట్ల కార్ఖానా మూతబడ్డాక చెప్పులక్కకు ఆడవాళ్ల జైల్లో పని దొరికింది. ఖైదీలకు బూట్లు కుట్టడం నేర్పాలి. మొదట్లో భయపడింది. కానీ తోలు మీద వంగిన తలలు చూస్తే ఎవరిది ఏ నేరమో గుర్తొచ్చేది కాదు. వాళ్లలో పొట్టిది అనే అమ్మాయి మహా చురుకు, ఇట్టే అల్లుకుపోయేది.

బూటు అడుగున, పాదం వంపు దగ్గర పెట్టే ఉక్కు రేకులు, అంటే షాంకులు, ఒకనాడు అయిపోయాయి. అక్క గేటు దగ్గరి ఫోన్లో భర్తకు చెప్పింది.

"ఏవండీ, షాంకులు ఒక కట్ట తెండి. లోపల పిల్లలు ఎదురుచూస్తున్నారు."

పక్కనున్న గార్డు చెవులు నిక్కబొడుచుకున్నాయి. భర్త రాగానే సంచీ లాక్కుని, ఇద్దరినీ జైలు అధికారి ముందు నిలబెట్టారు.

"ఖైదీలు దొంగతనంగా చేసుకునే కత్తిని ఏమంటారో తెలుసా? షాంకు!" అన్నాడు అధికారి.

"అయ్యో సార్, ఇవి బూటులోవి. కావాలంటే పుస్తకంలో చూడండి."

ఆయన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తీశాడు. "మోకాలి కింది కాలు... పనిముట్టు కడ్డీ... పొగ తాగే పైపు కాడ..." నోట్లోని పైపు తీసి చూసుకుని నవ్వాడు. "బూటు రేకు కూడా ఉందే!"

అక్క ప్రాణం లేచొచ్చింది. ఆయన పుస్తకం మూసేశాడు.

"పుస్తకంలో సవాలక్ష ఉంటాయమ్మా. ఈ గోడల మధ్య మాత్రం ఒకటే అర్థం."

అక్క ఆగలేకపోయింది. పొట్టిది కుట్టిన బూటు తెప్పించి, అడుగు కోసి రేకు బయటికి లాగింది. "ఇదిగో సార్, పాదం కుంగకుండా పెడతాం, అంతే."

ఆయన దాని అంచు బొటనవేలితో తడిమాడు. "ఇలాంటివి ఎన్ని కుట్టించావు?"

అప్పుడు గానీ ఆమెకు తను చేసిందేమిటో తెలియలేదు. ఆ మధ్యాహ్నమే బూట్లన్నీ చీల్చేశారు. కుట్టుగదికి తాళం పడింది.

ఇంటి దారిలో భర్త విరుచుకుపడ్డాడు. "ఇనప రేకులు అంటే నోరు పడిపోయేదా? ఇంగ్లీషు వెలగబెట్టావు!"

"అది ఇంగ్లీషని నాకేం తెలుసండీ? కార్ఖానాలో మా సెక్షన్ వాళ్ల మాట అనుకున్నా."

చాలాకాలానికి బస్టాపులో పొట్టిది కనబడింది. అక్క పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది. పొట్టిది విడిపించుకుంది.

"ఆ బూటు నాదని నాకు శిక్ష తగ్గించడం ఆపేశారక్కా. నేను బయటికొచ్చేసరికి మా అమ్మ పోయింది."

"మీ మీద కత్తుల అనుమానం పోవాలనే కోశానే..."

"ఎవరు కొయ్యమన్నారు?"

బస్సొచ్చింది. పొట్టిది వెనక్కి చూడకుండా ఎక్కేసింది. అక్క కూడా ఎక్కాల్సింది ఆ బస్సే. ఎక్కలేదు.