చప్పుడు లేని బండి, నా మెడ ఎముక

కత్తిపీట ముందు కూర్చుని కానాగంత చేపను పట్టుకుంటే అది చేతిలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ జారింది. కుడిచేతి బొటనవేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కి నావి కానట్టున్నాయి. కొనడానికొచ్చినావిడ, “సచ్చిన సేప కూడా నీకు దొరకట్లేదేటి అప్పా?” అంది. నేనూ నవ్వాను. నవ్వితే మెడ వెనక చురుక్కుమంది.

నేను విజయనగరం వీధుల్లో చేపలమ్మే మనిషిని. మాది భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఊరు. నేనూ నా ఆడపడుచు నూకాలూ పొద్దున్నే ఆటోలో చేపలు తెచ్చుకుని, మార్కెట్ దగ్గర దిగి, గంపలు నెత్తికెత్తుకుని చెరో వీధికి పోతాం. ముసలితనంలో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇది నేనే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

చేప జారడానికి ముందు రోజు పొద్దున్న నన్ను ఒక బండి గుద్దింది. స్టేషన్ దగ్గర అద్దెకిచ్చే కరెంటు బండి. ఫోనులో డబ్బు కట్టి ఎవరైనా తీసుకుపోవచ్చు, పనయ్యాక ఎక్కడ పడితే అక్కడ వదిలేయొచ్చు. అలా వదిలేసిన బండ్లు ఫుట్‌పాత్‌కి అడ్డంగా ఉంటే నేను రోడ్డు మీదికి దిగాను. గంప నెత్తిన ఉంటే మెడ తిప్పి వెనక్కి చూడలేం. చెవులతోనే నడుస్తాం. ఆటో వస్తోందో స్కూటర్ వస్తోందో, ఏ పక్కనుంచి వస్తోందో చప్పుడును బట్టి తెలిసిపోతుంది, పక్కకి తప్పుకుంటాం. ఈ బండికి చప్పుడే లేదు. నడుముకి తగిలాకే అది ఉందని తెలిసింది. గంపతో సహా రోడ్డు మీద పడ్డాను.

నడిపినాయన ట్యూషన్లు చెప్పే మాస్టారు. ఆయనా పడ్డాడు. మోచేయి గీసుకుపోయినా లేచొచ్చి, “ఆస్పత్రికి వెళ్దాం రండమ్మా” అన్నాడు. నా కళ్లు మాత్రం రోడ్డు మీద చెల్లాచెదురైన చేపల మీదున్నాయి. ఎండెక్కితే అవి ఎవరికీ పనికిరావు.

“ఆస్పత్రి ఎక్కడికీ పారిపోదు గానీ, ముందు సేపలెత్తు బాబూ” అన్నాను.

ఇద్దరం ఏరాం, కుళాయి కింద కడిగాం. ఆయన చేతే గంప మళ్లీ నెత్తికెత్తించుకుని మధ్యాహ్నం దాకా తిరిగాను. అంతకంటే తెలివితక్కువ పని నేను చెయ్యలేదు.

మర్నాడు వేళ్ల సంగతి తెలిశాక కూడా, “ఊర్లో నూనె రాయించి మెడ లాగించుకుంటే పోతాది” అన్నాను.

“నీ మొండితనానికి డబ్బాడు నూనైనా సాలదు గానీ, పద వదినా” అని నూకాలు నన్ను ఆటో ఎక్కించింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. తర్వాత ఎమ్మారై అన్నారు. డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించారు. “మెడలో ఐదో ఎముక, సీ ఫైవ్‌లో క్రాక్ ఉందమ్మా. దాని కింద డిస్క్ బల్జ్ అయ్యి నెర్వ్‌ని నొక్కుతోంది. అందుకే వేళ్లు మొద్దుబారాయి. పడ్డాక ఏం చేశారు?”

“గంపెత్తుకున్నాను.”

ఆయన ఫిల్ము బల్ల మీద పెట్టేశారు. “ఆ క్రాక్ ఇంకొంచెం జరిగుంటే కాళ్లూ చేతులూ పడిపోయేవి. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదు. మెడకి సర్వైకల్ కాలర్ పెడతాను, నేను చెప్పేదాకా తియ్యకూడదు. తల మీద బరువు మాత్రం ఇక జన్మలో వద్దు.”

నా మొగుడు పోయిన దగ్గర్నుంచి ఈ నెత్తి మీదే నేను బతికాను. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఇప్పుడు నెత్తి పోయింది, చేపను పట్టే చెయ్యీ పోతే ఇక నాకేం మిగులుతుంది? ఆ మాట ఎవరితోనూ అనలేదు. అటు తిరిగి పడుకుందామంటే కాలర్ తిరగనివ్వలేదు.

మా ఎండలు మీకు తెలుసు. కాలర్ కింద చెమటకాయలు లేచాయి. ఒకరోజు తీసి మేకుకి తగిలించి, పనిలో పనిగా నీళ్ల బిందె ఎత్తాను. తిమ్మిరి మోచేతి దాకా పాకింది. డాక్టరుగారు కేకలేశారు. “కాలర్ మీ మెడకిచ్చానమ్మా, మీ గోడకి కాదు!” కాలర్ రోజుల లెక్క మళ్లీ మొదట్నుంచీ మొదలు.

ఆ రోజుల్లోనే మాస్టారు చూడ్డానికొచ్చాడు. గుమ్మంలోనే నూకాలు అందుకుంది. “ఏటి మాస్టారూ, ఈపాలి కూడా సప్పుడు సెయ్యకుండానే వచ్చేరు?”

ఆయన తల దించుకున్నాడు. “హారన్ కొడితే మీరు ఉలిక్కిపడతారని కొట్టలేదమ్మా. పక్కనుంచి పోవచ్చనుకున్నాను. మీరు వెనక్కి చూడలేరని నాకు తెలీదు.”

“ఇప్పుడు తెలిసినాది గదా. ఊరందరికీ సెప్పు మరి” అన్నాను.

అద్దె బండ్ల మీద మున్సిపాలిటీ వాళ్లు మీటింగ్ పెడుతున్నారని ఆయనే చెప్పాడు. కాలర్‌తోనే వెళ్లాను, నూకాలూ మాస్టారూ వెంట వచ్చారు. స్పీడుకి రూలుంది, హెల్మెట్‌కి రూలుందని ఆఫీసరుగారు చదివి వినిపించారు.

“నడిపినోడి తలకి హెల్మెట్టుంది బాబూ. ముందు నడిసినోలికి ఏటున్నాది?” అని అడిగాను.

ఆయన విసుక్కోలేదు. ఏం చేస్తే బాగుంటుందో చెప్పమన్నారు. చెప్పడం కంటే చూపించడం మేలనిపించింది. నూకాలు గంపెత్తుకుని ఆవరణలో నిలబడింది. వెనక బండి వినిపించగానే చెయ్యెత్తాలి. మాస్టారు బండెక్కి మెల్లగా వచ్చాడు. చక్రం చీర అంచుకు తగిలాక గానీ నూకాలు చెయ్యి లేవలేదు. “ఓలమ్మో!” అని అరిచింది. ఎవరూ నవ్వలేదు. మీటింగ్‌కి వచ్చిన బండ్ల కంపెనీ మనిషి మాస్టారి దగ్గరకెళ్లి, మళ్లీ ఒకసారి నడపమన్నాడు.

కొన్నాళ్లకు కంపెనీవాళ్లు అద్దె బండ్లను సరిచేశారు. ఇప్పుడు మార్కెట్ వీధిలోకి రాగానే ఆ బండ్లు వాటంతట అవే నెమ్మదిస్తాయి, తుమ్మెదలా రొద చేస్తూ వస్తాయి. గీత గీసిన చోట తప్ప ఇంకెక్కడా వదిలేయడానికి ఫోను ఒప్పుకోదు. సొంత కరెంటు బండ్లవాళ్లు మాత్రం ఇంకా పిల్లుల్లాగే వస్తున్నారు. వాళ్ల కోసం మళ్లీ వెళ్తాను.

కాలర్ తీశాక ఫిజియోథెరపీ అమ్మాయి నా చేత బంతి నొక్కించింది, నేల మీది చింతపిక్కలు రెండు వేళ్లతో ఏరించింది. మొదట్లో ఒక్కటీ వచ్చేది కాదు. కోపమొచ్చి బంతి విసిరికొట్టాను. విసరడానికి గుప్పిట బిగిసింది చూశారా అని ఆమె చప్పట్లు కొట్టింది.

ఎముక అతుక్కుంది. బొటనవేలికి స్పర్శ పూర్తిగా వచ్చింది, పక్కవేలు ఐసు ముట్టుకుంటే కాస్త మొద్దుబారుతుంది, అంతే. మార్కెట్ పక్కన బల్ల వేసుకుని కూర్చుని అమ్ముతున్నాను. వీధి వీధికీ తిరిగినదాన్ని ఒకచోట కూర్చోవడానికి మొదట సిగ్గేసింది. నా పాత బేరాలవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వంజరం నా చేతే ముక్కలు కోయించుకుంటారు.

“మహరాణిలాగ కూకున్నావే వదినా!” అంటుంది నూకాలు.

“కూకుంటాను. నువ్వు కూడా గంప దించి వచ్చి కూకో” అంటాను. ఆలోచిస్తోంది.

నాలాగా నెత్తిన బరువు మోసే ఆడవాళ్లకు ఒక్కటే చెబుతాను. పడ్డాక లేచి నడవగలిగినంత మాత్రాన బాగున్నామనుకోకండి. తల మీద మళ్లీ ఏమీ పెట్టకండి, ఎవరి చేతా మెడ లాగించుకోకండి, ఆ రోజే ఎక్స్‌రే తీయించుకోండి. చేపలు రోడ్డు మీద ఎండిపోతే ఎండిపోనివ్వండి.