అమ్మిన గడియారానికి కీ

గడియారం అమ్మేసినా దాని కీ మాత్రం ఇవ్వని మనిషి తిరువూరు మొత్తానికీ సుందరరామయ్య ఒక్కడే. గడియారం కావాలంటే నిక్షేపంగా పట్టుకుపొమ్మనేవాడు. కీ మాటెత్తితే బేరం మానుకునేవాడు. "గడియారం మీది, కీ నాది. ఇవ్వాల్సినప్పుడు నేనే వచ్చి ఇస్తా" అనేవాడు. గేదెను అమ్మి పలుపు తన దగ్గరే ఉంచుకున్న ఆసామి అని బజారంతా నవ్వుకునేది.

ఒకప్పుడు ఆయనింట్లో ఏడు గోడ గడియారాలుండేవి. అన్నీ కలిసి పన్నెండు కొట్టాయంటే వీధికుక్కలు లేచి పక్క వీధికి కాపురం మార్చేవట. భార్య పోయాక ఒక్కొక్కటే అమ్మేశాడు. ఏడు కీలూ మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. ఆయన నాలుగిళ్ళ అవతల ఉండగానే ఆ గలగల వినిపించేది.

ఏడో గడియారాన్ని 1974లో సీతారామారావు కొన్నాడు. తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పిల్లల్లేరు. భార్య సరోజినీదేవి పోయి ఏడాదవుతోంది. ఇంట్లో ఏదో ఒక చప్పుడుంటే బాగుంటుందని కొన్నాడు. దాన్ని గోడకు తగిలించి సుందరరామయ్య పెదవి విరిచాడు.

"దీని స్ప్రింగు నీరసం, రావుగారూ. మిగతావాటికి వారానికోసారి కీ ఇస్తే చాలు. దీనికి రోజూ ఇవ్వకపోతే ఆగిపోతుంది."

సీతారామారావు నమ్మాడు. తన ప్రశాంతత ఆ పూటతో సరి అనుకున్నాడు.

రోజూ సాయంత్రం ఐదింటికి గలగలమంటూ సుందరరామయ్య దిగేవాడు. ఆడపిల్లనిచ్చిన ఇంటికి వట్టి చేతులతో రాకూడదట. ఓ రోజు అరటిపళ్ళు, ఓ రోజు ఆకులో చుట్టిన పెసరట్లు. పెళ్ళికూతురు గోడమీద వేలాడుతుంటే సారె సీతారామారావు తినేవాడు. రాత్రిపూట పొయ్యి వెలిగించడం ఆయన ఎప్పుడో మానేశాడు కనక అదే ఆయనకు భోజనం.

కీ ఇవ్వడానికి పట్టేది ఒక్క నిమిషం. తర్వాత గంటసేపు పోయిన గడియారాల ముచ్చట్లు. సీతారామారావుకూ వయసులో చేతి వాచీల పిచ్చి ఉండేది. గంపలగూడెం క్యాంపులో నూతి గట్టుమీద ఒక వాచీ మరిచిపోయి రెండేళ్ళు బెంగపెట్టుకున్నాడు. సుందరరామయ్య ఆ వాచీ ఆనవాళ్ళన్నీ అడిగేవాడు. ముల్లు నీలమా నలుపా, పట్టీ తోలుదా స్టీలుదా, ఎడమవైపు గీత ఏమైనా ఉందా? తప్పిపోయిన పిల్లవాడి గురించి పోలీసులు కూడా అంత వివరంగా అడగరు.

తర్వాత తన వెండి జేబు గడియారం కథ ఎత్తుకునేవాడు. నెమలి ఊరి తిరనాళ్ళలో ఎవరో పరాయివాడికి అమ్మాడట. కీతో సహా అమ్మింది అదొక్కటే. మళ్ళీ దాని మొహం చూడలేదు. "వాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, విని..." అనేసరికి గోడమీద ఆరు కొట్టేది. సుందరరామయ్య లేచిపోయేవాడు. ఆ కథ ముందు సగం సీతారామారావు తొమ్మిదిసార్లు విన్నాడు. రెండో సగం దేవుడికెరుక.

"పనీపాటా లేని మనిషి" అని సీతారామారావు విసుక్కునేవాడు. విసుక్కుంటూనే నాలుగున్నరకల్లా రెండో కుర్చీ వాకిట్లో వేసేవాడు. పొద్దున లేచింది మొదలు ఆయన నోరు తెరిచి మాట్లాడేది ఆ కుర్చీలోని మనిషితోనే.

ఒకరోజు ఐదు దాటినా గలగల వినిపించలేదు. మర్నాడూ లేదు. సీతారామారావు గడియారం వంక దిగులుగా చూస్తూ కూర్చున్నాడు. అది శుభ్రంగా నడుస్తోంది. మూడోనాడూ నడుస్తోంది. నాలుగోనాడు పొద్దున ఎనిమిది గంటలు కొట్టేసరికి ఆయన ఇక ఉండబట్టలేక బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసే శౌరయ్య దగ్గరికి వెళ్ళాడు.

"నీరసమా?" అన్నాడు శౌరయ్య. "దాని స్ప్రింగు నిరుడు నేనే మార్చాను కదండీ. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు ఆడుద్ది. అయినా రామయ్యగారికి నాలుగు రోజులనించీ జొరమంట, మీకు తెలీదా?"

సీతారామారావుకు ఏడాది పెసరట్లు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తనను మోసం చేసిన మనిషి మీద అంత ప్రేమ పుట్టడం ఆయనకు అదే మొదటిసారి.

ఇంటికొచ్చి కుర్చీ ఎక్కి, గడియారం అద్దం తలుపు తీసి, ఊగుతున్న లోలకాన్ని వేలితో ఆపేశాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధమన్నా ఆడని మనిషి. ఇప్పుడు మాత్రం ఎందుకు ఆడాలి? బత్తాయిలు కొనుక్కుని బయల్దేరాడు.

సుందరరామయ్య ఇంట్లోకి ఆయన వెళ్ళడం అదే మొదలు. గోడమీద ఏడు చోట్ల సున్నం తెల్లగా ఉంది. ఎక్కడా టిక్కుమన్న చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం సీతారామారావుకు బాగా తెలిసిందే. మంచం మీద దుప్పటి కప్పుకుని సుందరరామయ్య ఒక్కడే పడుకుని ఉన్నాడు.

"బత్తాయిలెందుకండీ?" అన్నాడు నీరసంగా.

"వియ్యాలవారింటికి వట్టి చేతులతో వస్తామా? మీ గడియారం ఆగిపోయింది, రామయ్యగారూ."

సుందరరామయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ స్ప్రింగు సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఆగదూ మరి," అన్నాడు చివరికి, దుప్పట్లో కీలు తడుముకుంటూ. "రోజూ ఇవ్వాలని ముందే చెప్పాగా."

"మీరు లేచాక ఇద్దురుగాని. అందాకా ఐదింటికి నేనే ఇక్కడికొస్తా." సీతారామారావు మంచం పక్కకు కుర్చీ లాక్కుని బత్తాయి ఒలవడం మొదలుపెట్టాడు. "ఇక్కడైతే ఆరు కొట్టేది కూడా ఏమీ లేదు. చెప్పండి, వాడు చెవి దగ్గర పెట్టుకుని విని, తర్వాతేమన్నాడు?"